గుండీల డబ్బాలో నత్తలు

"ఆరే! ఇంత గడిలో ఆరే రకాలా?" ఫస్టమ్మ నుదురు కొట్టుకుంది. "చీమ, గండుచీమ, సాలీడు, నాచు, లైకెన్, పేరు తెలీని ఆకు. ఇంకేం లేవా?"

పక్కన బోర్లా పడుకుని ఉన్న ఆమె జోడీ నిదానం తల ఎత్తలేదు.

"చీమని, గండుచీమని విడివిడిగా రాశావా?" అని అడిగాడు.

"రాశా. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

అవతలి గడిలోంచి, క్లాసంతా రేడియో అని పిలిచే అమ్మాయి గొంతు వినిపించింది. "పదకొండు! మాకు పదకొండు! ఇప్పుడే చారల నత్త దొరికింది!"

ఫస్టమ్మకి ఒళ్లు మండింది.

వాళ్లున్నది పాత చర్చి వెనక ఉన్న సమాధుల తోటలో. స్కూలు గోడకీ ఆ తోటకీ మధ్య ఒక చిన్న గేటు ఉంది. ఆ వారం సైన్స్ టీచర్ ఐదో తరగతి మొత్తాన్నీ అందులోకి తోలుకొచ్చి, ఇద్దరిద్దరికి ఒక గడి చొప్పున తాడు కట్టి ఇచ్చింది. తాడు లోపల ప్రాణం ఉన్నవి ఎన్ని రకాలున్నాయో చూడాలి. శుక్రవారం టీచర్ స్వయంగా వచ్చి లెక్కపెడుతుంది. ఎక్కువ రకాలున్న జంట చర్చి గోపురం ఎక్కి, పెద్ద గంట తాడు లాగి మోగించవచ్చు.

ఆ గంట ఫస్టమ్మ క్లాసు కిటికీలోంచి కనిపిస్తుంది. ఒకటో తరగతి నుంచీ ఆ అమ్మాయి దాన్ని చూస్తూనే ఉంది. లెక్కలు చేస్తూ చూసింది, మార్కులు తగ్గి ఏడుస్తూ కూడా చూసింది. దాన్ని ఒక్కసారైనా మోగించాలని మహా కోరిక.

ఫస్టమ్మ అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. అన్నిట్లో ఫస్ట్ ఉండాలని గొడవ కాబట్టి ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. అన్నం ఫస్ట్ తినేసి పొలమారి దగ్గుతుంది. స్నానానికి ఫస్ట్ పరిగెత్తి, తువ్వాలు మర్చిపోయి లోపల్నించి కేకలు పెడుతుంది. నాన్న డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. కూతురు తినే తీరు చూసి, భోజనాల బల్ల కింద ఆయన కుడికాలు దానంతటదే బ్రేకు నొక్కుతూ ఉంటుంది.

ఇక నిదానం సంగతి. ఆ పేరూ అలా వచ్చిందే. వాడు బూటు లేసు కట్టుకునేలోపు మిగతా వాళ్లు గ్రౌండులో ఒక ఆట ముగించి వస్తారు. "వాణ్ణే నాకు జోడీగా ఇచ్చారు నాన్నా!" అని ఫస్టమ్మ ఇంట్లో గగ్గోలు పెడితే, "కారన్నాక బ్రేకు కూడా ఉండాలిగా తల్లీ" అన్నాడు నాన్న.

వాళ్ల గడిలో ఒక సమాధి రాయి ఉంది. కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. అక్షరాలు అరిగిపోయి, కింద ఎవరున్నారో తెలియదు. అందుకని నిదానం ఆయన్ని "తాతగారు" అనేవాడు. గడిలోకి వచ్చినప్పుడల్లా "తాతగారూ, ఇక్కడ పడుకుంటున్నానండీ" అని చెప్పి మరీ పడుకునేవాడు. రాయి మీద పసుపు, బూడిద రంగు మచ్చలు పెచ్చుల్లా అంటుకుని ఉన్నాయి.

"రాయికి గజ్జి పట్టింది టీచర్" అని రేడియో మొదటిరోజే ప్రకటించింది.

"గజ్జి కాదు, లైకెన్. దానికీ ప్రాణముంది. ఏడాదికి గోరంత కూడా పెరగదు. మీ తాతల కన్నా పెద్దదయ్యుండొచ్చు, కాస్త మర్యాదగా చూడండి" అంది టీచర్. ఎండైనా వానైనా ఆవిడ చేతిలో గొడుగు ఉండాల్సిందే. ఆ గొడుగుతోనే చుట్టూ చూపించింది. "ఈ నేలని ఎవరూ దున్నలేదు. ఇళ్లు కట్టలేదు. పురుగుల మందు చల్లలేదు. ఏడాదికోసారి గడ్డి కోస్తారు, అంతే. బయట ఊరంతా మారిపోయింది. ఆ పాత మొక్కలూ పాత పురుగులూ ఇక్కడ మాత్రం హాయిగా మిగిలిపోయాయి. ఇక్కడ పడుకున్నవాళ్లకి ఏ తొందరా లేదు కదా!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. తర్వాత సమాధుల వంక చూసి, నవ్వొచ్చో లేదో తెలియక నోళ్లు మూసుకున్నారు.

"ఇంతకీ నువ్వు పొద్దున్నించీ ఏం చూస్తున్నావు?" పక్క గడి పదకొండు విన్న చిరాకులో ఫస్టమ్మ నిదానాన్ని గద్దించింది.

వాడు వేలితో చూపించాడు. రాయి అడుగున పగులులోంచి సన్నటి కాడ ఒకటి లేచింది. దాని చివర గింజంత మొగ్గ ఉంది.

"నువ్వు రాసిన పేరు తెలీని ఆకు ఇదే. టీచర్‌కి కూడా తెలీదట. పూస్తే కనుక్కోవచ్చన్నారు" అన్నాడు నిదానం. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఇది నేనే చూశా. అందరికన్నా ముందు" అన్నాడు.

వాడు దేంట్లోనైనా ముందుండటం బహుశా అదే మొదటిసారి. ఫస్టమ్మ ఆ మాట సరిగ్గా వినలేదు. ఆమె చెవులు పక్క గడి మీదున్నాయి.

ఆ సాయంత్రం అందరూ ఇళ్లకి వెళ్లాక, ఫస్టమ్మ గేటు దగ్గర బ్యాగు సర్దుకుంటున్నట్టు నటించింది. తర్వాత మెల్లగా తోటలోకి జారుకుంది. ఆమె చేతిలో అమ్మ గుండీల డబ్బా ఉంది. పొద్దున్నే తెచ్చుకుంది. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. డబ్బా ఖాళీ చేయాల్సి వచ్చి, తొందరలో గుండీలన్నీ దొరికిన చోట, అంటే నాన్న పాత బూటులో పోసేసింది.

రేడియో గడిలోంచి చారల నత్తని తీసింది. గోడ పక్క గడిలోంచి బల్లపరుపుగా ఉండే నత్తని, మూల గడిలోంచి లావుపాటి గోధుమరంగు నత్తని తీసింది. ఒక రోకలిబండ పురుగు దొరికింది. ముట్టుకోగానే అది చుట్టచుట్టుకుపోయింది కాబట్టి డబ్బాలో పెట్టడం తేలికైంది. కుళాయి దగ్గర ఒక కప్ప కూడా దొరికింది.

'దొంగతనమేం కాదు. తోటలోవి తోటలోనే ఉంటాయి. కాస్త పక్కకి జరుగుతాయి, అంతే' అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

అంతలో కాపలాదారు వచ్చి, "ఎవరమ్మా లోపల? గేటు మూసేస్తున్నా!" అని కేక వేశాడు. డబ్బాని గుండెలకి హత్తుకుని ఇంటికి పరిగెత్తింది. దాన్ని మిషన్ బల్ల మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. అదే ఆమె చేసిన పొరపాటు.

"అమ్మో!"

ఇల్లదిరిపోయింది. ఫస్టమ్మ తడికాళ్లతో పరిగెత్తుకొచ్చింది. అమ్మ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. బల్ల మీద తెల్ల చొక్కా, కాలరు దగ్గర చారల నత్త. కప్ప దర్జాగా కుట్టుమిషన్ మీద కూర్చుంది.

"ఏమే, నా గుండీలకి కొమ్ములెప్పుడు మొలిచాయి?" అంది అమ్మ.

"స్కూల్ ప్రాజెక్టమ్మా."

అమ్మ కుర్చీ దిగింది. ప్రాజెక్టు అనే మాటకి ఆ ఇంట్లో అంత విలువ ఉంది. కిందటేడు ఇదే పేరు మీద నాన్న చొక్కా ఒకటి అగ్నిపర్వతమైపోయింది.

"సరే, ప్రాజెక్టయితే పెట్టుకో. కానీ నా గుండీలేవి?"

అప్పుడే నాన్న కుంటుకుంటూ లోపలికొచ్చాడు. "పొద్దున్నించీ క్లచ్ నొక్కినప్పుడల్లా కాలికి ఏవేవో గుచ్చుకుంటున్నాయి. నేర్చుకునేవాళ్లు భయపడుతున్నారు. నేను మొహం చిట్లిస్తుంటే తామేదో తప్పు చేశామనుకుంటున్నారు పాపం!" అంటూ బూటు విప్పి బోర్లించాడు. గుండీలు గలగలమని నేల మీద పడ్డాయి. ఫస్టమ్మ వాటిని ఏరుతూ కూర్చుంది. అమ్మ చూస్తూ ఉంది కాబట్టి ఒక్కటి కూడా వదలడానికి వీల్లేకపోయింది.

మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందు తోటకి చేరుకుంది. ఈ విషయంలో ఎవరూ ఆమెతో పోటీకి రాలేదు.

డబ్బా మూత తీయగానే కప్ప ఒక్క గెంతులో తాడు దాటి రేడియో గడిలోకి వెళ్లిపోయింది. రోకలిబండ విడివడి, అన్ని కాళ్లతోనూ బయటికి నడిచింది. ఫస్టమ్మ దాన్ని వెనక్కి తెచ్చిపెట్టింది. అది మళ్లీ బయల్దేరింది. నత్తలు మాత్రం ఉన్నచోటే ఉండి కొమ్ములు చాచి చూశాయి. అవి కూడా ఎంతసేపో ఉండవని ఆమెకి అనుమానం వచ్చింది.

'చుట్టాలకి మర్యాద చేస్తేగా ఉంటారు' అనుకుంది. పగిలిన పెంకు ఒకటి తెచ్చి రాయి అడుగున ఆనించింది. ఒక గుడ్డ తడిపి దాని మీద కప్పింది. లోపల చల్లగా, చీకటిగా, హాయిగా ఉంది. నత్తలు మూడూ ఆ నీడలోకి చేరుకున్నాయి. రోకలిబండ కూడా మనసు మార్చుకుని లోపలికి దూరింది. ఫస్టమ్మ చేతులు దులుపుకుంది.

ఆ నీడకి జానెడు దూరంలో నిదానం మొగ్గ ఉంది. దాని గురించి ఆమెకి ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం రేడియో తాడు పక్కన నిలబడి వార్తలు చదివింది. "ముఖ్యాంశాలు! మా చారల నత్త కనబడుటలేదు. అయితే ఒక కప్ప మా గడికి విచ్చేసినది. నత్త ఆచూకీ తెలిపిన వారికి నా రబ్బరు ఇవ్వబడును."

ఫస్టమ్మ వంగి లేని లేసు కట్టుకుంది.

నిదానం గుడ్డ అంచు ఎత్తి చూసి సంబరపడ్డాడు. "మన గడికి చుట్టాలొచ్చారే! వాటంతటవే వచ్చాయా?"

"ఊఁ" అంది ఫస్టమ్మ, ఎటో చూస్తూ.

వాడు మొగ్గ దగ్గరికి పాకాడు. మొగ్గ ఉబ్బింది. మీద ముళ్లతీగ వాలి నీడ పడుతోందని, దాన్ని జాగ్రత్తగా పక్కకి జరిపాడు. వేలికి ముల్లు గుచ్చుకుంటే చప్పరించుకున్నాడు.

"రేపు విచ్చుకుంటుంది. పసుపు అయ్యుండొచ్చు, ఊదా అయినా అయ్యుండొచ్చు. నువ్వేమంటావ్?"

"ఏదో ఒకటి" అంది ఫస్టమ్మ. ఆమె మనసులో అప్పటికే గంట మోగుతోంది.

శుక్రవారం టీచర్ గొడుగు చంకలో పెట్టుకుని ఒక్కో గడి చూస్తూ వచ్చింది. తాతగారి రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ ఎత్తి ఆశ్చర్యపోయింది.

"మూడు రకాల నత్తలు! రోకలిబండ! దాని కింద రెండు రకాల పురుగులు! మీ గడి ఇంత సందడిగా ఉందేమిటర్రా!"

తడి గుడ్డ కింద చల్లదనానికి పిలవని చుట్టాలు కూడా ఇంకొన్ని చేరినట్టున్నాయి. లెక్క పూర్తయ్యేసరికి రేడియో జంట కన్నా ఒకటి ఎక్కువే వచ్చింది. టీచర్ సంచిలోంచి గోపురం తాళంచెవి తీసి ఫస్టమ్మ చేతిలో పెట్టింది. చల్లగా, బరువుగా ఉంది. ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది.

"టీచర్, పువ్వు కూడా చూద్దురుగాని" అంటూ నిదానం రాయి అడుగుకి వంగాడు.

వేళ్లతో పగులు చుట్టూ గడ్డి విడదీశాడు.

పగులులో మొండి కాడ ఒకటే ఉంది. ఆకుల్లేవు, మొగ్గ లేదు. పెంకు కిందనుంచి కాడదాకా వెండిలా మెరిసే జిగట చార ఉంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నావల్లే టీచర్" అన్నాడు నిదానం. "నిన్న ముళ్లతీగ నేనే పక్కకి జరిపా. అది అడ్డంగా ఉంటే నత్తలు వచ్చేవి కాదు. ఎండ తగులుతుందని జరిపా. నేనే దారిచ్చా."

"అయ్యో, నీ తప్పేముంది నాన్నా. నత్తలన్నాక తింటాయి" అంది టీచర్. వాడు తల అడ్డంగా ఊపాడు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటుంటే మట్టి మొహానికంతా అంటుకుంది.

ఫస్టమ్మ చేతిలో తాళంచెవి ఉంది. నోరు మూసుకుంటే చాలు. గంట ఆమెదే. ఎవరికీ తెలియదు. నిదానం తప్పు తనదేననుకుంటాడు, కొన్నాళ్లకి మర్చిపోతాడు.

కానీ వాడు మర్చిపోడని ఆమెకి తెలుసు. వాడు ఏదీ తొందరగా చేయడు. మర్చిపోవడం కూడా.

"కాదు" అంది. "కాదు టీచర్. నత్తలు వాటంతటవి రాలేదు. నేను తెచ్చా."

"తెచ్చావా? ఎక్కణ్ణించి?"

"చారలది రేడియో వాళ్లది. బల్లపరుపుది గోడ పక్క వాళ్లది. లావుది మూల గడిది. రోకలిబండ ఎవరిదో గుర్తులేదు. గుండీల డబ్బాలో పెట్టి ఇంటికి కూడా తీసుకెళ్లా. పెంకూ గుడ్డా కూడా నేనే పెట్టా."

టీచర్ చంకలోంచి గొడుగు జారి పడింది. "ఉన్నవి లెక్కపెట్టమన్నాను గానీ, ఎత్తుకురావద్దని చెప్పలేదు నేను. ఇన్నేళ్లలో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు మరి!" అంది చివరికి.

ఫస్టమ్మ తాళంచెవి తిరిగిచ్చేసింది. ఇస్తుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

తర్వాతి పని ఏడుపు కన్నా కష్టమైంది. ఒక్కో నత్తనీ దాని గడికి చేర్చాలి. పిల్లలందరూ చుట్టూ మూగారు. రేడియో తన నత్తని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఇది మాది కాదేమో. మాది ఇంత లావు లేదు."

"మా దగ్గర తిని లావెక్కింది" అంది ఫస్టమ్మ తలవంచుకుని. అందరూ గొల్లున నవ్వారు. నిదానం మాత్రం నవ్వలేదు.

రోకలిబండని ఎక్కడ వదలాలో ఎవరికీ తోచలేదు. దారి మధ్యలో వదిలితే అది ఎవరినీ అడక్కుండా తన దారిన తాను పోయింది.

గంట రేడియో జంట మోగించింది. ఫస్టమ్మ కింద నిలబడి విని, నిదానం దగ్గరికి పరిగెత్తి గడగడా చెప్పేసింది. "సారీ! నేను మొగ్గ సంగతి అసలు చూసుకోలేదు. సారీ!"

వాడు ఆమె వంక చూశాడు. "ఇది కూడా ఫస్ట్ చెప్పేసి వెళ్లిపోదామనా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "అదేం రంగో ఇంక నాకు తెలీదు."

ఫస్టమ్మ ఈసారి పరిగెత్తలేదు. వాడు ఒక్కో మొండి లేసూ కట్టుకుని లేచి వెళ్లేదాకా అక్కడే నిలబడి ఉంది. వాడితో పాటు చివరిదాకా ఉండటం అదే మొదటిసారి.

మొక్కకి వేరు మిగిలిందో లేదో, మళ్లీ వస్తుందో రాదో టీచర్ కూడా చెప్పలేకపోయింది. "దానిష్టం" అంది.

వానాకాలం వెళ్లాక టీచర్ మళ్లీ తాళ్లు కట్టింది. ఈసారి గడులు వేరు, జంటలు పాతవే, బహుమతి అదే గంట. "ఒక కొత్త రూలు. ఉన్నవి చూడాలి. అరువు తేకూడదు" అంది. తరగతి మొత్తం ఫస్టమ్మ వైపు తిరిగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించుకోలేదు.

ఈమధ్య నిదానం ఆమెతో మాట్లాడుతున్నాడు. అవసరమైనంతే. "పెన్సిలివ్వు", "జరుగు", అలాంటివి.

చివరిరోజు మధ్యాహ్నం వాళ్ల లెక్కా రేడియో జంట లెక్కా సరిసమానంగా ఉన్నాయి. ఫస్టమ్మ తాడు పక్కన గొంతుక్కూర్చుని ఉండగా గడ్డిలో ఏదో మెరిసింది. పెంకుపురుగు. ఆకుపచ్చగా, మీద బంగారు నీరు పోసినట్టుంది. ఆ తోటలో అలాంటిది ఎవరూ చూడలేదు.

అది రెండు గడుల మధ్య తాడెక్కి ఆగింది. ఇటు దిగితే వీళ్లది, అటు దిగితే రేడియో వాళ్లది. రేడియో అటు తిరిగి ఎవరికో ఏదో చెబుతోంది. ఒక్క వేలు చాలు. కాస్త ఊదినా చాలు.

ఫస్టమ్మ చెయ్యి ముందుకి కదిలింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. అది మాట వినేలా లేదని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. పెదాలు కూడా గట్టిగా బిగించింది.

నిదానం పురుగుని చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

పురుగు మీసాలు ఆడించింది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత తాపీగా అటువైపు దిగింది.

ఫస్టమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "రేడియో" అని గుసగుసగా పిలిచింది. "గట్టిగా అరవకు. మెల్లగా వెనక్కి తిరుగు. మీ గడిలోకి ఒకటి వచ్చింది. భలే ఉంది."

రేడియో తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ అమ్మాయి నోట మాట రాలేదు.

నిదానం తను పడుకున్న గోనెపట్టా మీద పక్కకి జరిగాడు. తీరిగ్గానే జరిగాడు, అలవాటు ప్రకారం. ఫస్టమ్మ వచ్చి ఆ ఖాళీలో బోర్లా పడుకుంది.

"ఏం చూస్తున్నావ్?" అని అడిగింది.

"ఇంకా తెలీదు" అన్నాడు.

"సరే" అంది ఫస్టమ్మ. గడ్డం చేతుల మీద ఆనించుకుని, వాడు చూస్తున్న వైపే చూడసాగింది.